ఎర్రటి నెబ్యులాను ఫొటో తీయాలంటే: టెలిస్కోప్ కంటే ముందు తేల్చుకోవాల్సినవి

నెబ్యులాలు, అంటే నక్షత్రాల మధ్య ఉండే వాయువు, దుమ్ము మేఘాలు. వాటి ఫొటోలు చూసి ముచ్చటపడ్డవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఏ టెలిస్కోప్ కొనాలి? నన్నడిగితే అది మూడో ప్రశ్నో, నాలుగో ప్రశ్నో కావాలి. ముందు అడగాల్సింది, మీరు పట్టుకోబోయే వెలుగు ఏ రంగుది? ఆ తర్వాత, ఆ రంగును మీ కెమెరా లోపలికి రానిస్తుందా? ఈ రెండూ తేలితే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో చాలావరకు తెలిసిపోతుంది. పెద్ద టెలిస్కోప్ కొని, లోపల ఎరుపును ఆపేసే కెమెరా పెట్టుకుంటే ఖర్చే తప్ప ఫొటో రాదు.

ఆ ఎరుపు ఎక్కడిది

ఎమిషన్ నెబ్యులాలో వాయువే వెలుగుతుంది. నక్షత్రకాంతి దుమ్ము మీద పడి చెదిరితే కనిపించేది రిఫ్లెక్షన్ నెబ్యులా, అది వేరే రకం. ఓరియన్ నెబ్యులానే తీసుకుందాం. మన నుంచి సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం. దాని నడిమధ్యలో ట్రెపీజియం అనే చిన్న నక్షత్రాల గుంపు ఉంది. ఆ గుంపులో తీటా-1 ఓరియానిస్ సి అనే నక్షత్రం ఉపరితలం దాదాపు 40 వేల డిగ్రీల వేడిలో ఉంటుంది. అంత వేడి నక్షత్రం నుంచి అతినీలలోహిత కిరణాలు విపరీతంగా వస్తాయి. వాటిలో తరంగదైర్ఘ్యం 91.2 నానోమీటర్ల కంటే తక్కువున్నవి హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొడతాయి. ఊడిన ఎలక్ట్రాన్ కొంతకాలానికి మళ్లీ ఏదో ఒక ప్రోటాన్‌కు చిక్కి, మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు దిగినప్పుడల్లా 656.3 నానోమీటర్ల ఎర్రటి వెలుగు బయటికొస్తుంది. దాన్నే హైడ్రోజన్ ఆల్ఫా అంటారు. ఫొటోల్లో కనిపించే ఎరుపు ప్రధానంగా ఇదే.

రెండో ముఖ్యమైన వెలుగు ఆక్సిజన్‌ది. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ 500.7 నానోమీటర్ల దగ్గర నీలి ఆకుపచ్చగా వెలుగుతుంది. దీన్ని ఓ-త్రీ అంటారు. 1864లో విలియం హగ్గిన్స్ క్యాట్స్ ఐ నెబ్యులాను స్పెక్ట్రోస్కోప్‌లో చూసినప్పుడు ఇంద్రధనుస్సులా పరుచుకున్న రంగులకు బదులు విడివిడి గీతలు కనిపించాయి. ఆ ఆకుపచ్చ గీత భూమ్మీద ఏ మూలకానికీ సరిపోలేదు. నెబ్యులియం అనే కొత్త మూలకం ఏదో ఉందనుకున్నారు. అది మామూలు ఆక్సిజనే అని 1927లో ఐరా బోవెన్ తేల్చేదాకా ఆ చిక్కు వీడలేదు. మన ల్యాబుల్లో మామూలుగా సృష్టించే శూన్యం కూడా నెబ్యులా అంత పలచగా ఉండదు. అంత పలచటి చోటే ఆ గీత బలంగా వెలుగుతుంది.

కింద చెప్పే ఎంపికలన్నిటికీ మూలం ఈ గీతలే. నెబ్యులా తన వెలుగులో చాలా భాగాన్ని కొన్ని సన్నటి గీతల్లోనే పంపిస్తోంది. ఇప్పటి తెల్లటి వీధిదీపాలు, చంద్రుడు అలా కాదు, అన్ని రంగుల్లోనూ పంపిస్తాయి.

మేడ మీద నుంచా, చీకటి వెతుక్కుంటూ వెళ్లాలా?

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో ఉండేవాళ్లకు డబుల్ బ్యాండ్ ఫిల్టర్ చాలా మంచి పెట్టుబడి. హైడ్రోజన్ ఆల్ఫా చుట్టూ ఒక సన్నటి కిటికీ, ఓ-త్రీ చుట్టూ ఇంకొకటి తెరిచి మిగతాదంతా ఆపేసే ఫిల్టర్ ఇది. లెక్క చూడండి. కంటికి కనిపించే కాంతి 400 నుంచి 700 దాకా, అంటే 300 నానోమీటర్ల వెడల్పు. ఏడేసి నానోమీటర్ల కిటికీలు రెండు తెరిస్తే 14. నగరపు తెల్లటి వెలుగులో సుమారు 20లో ఒక వంతే లోపలికొస్తుంది. నెబ్యులా గీతలు మాత్రం దాదాపు పూర్తిగా వస్తాయి. ఈ లాభాన్ని ఏ టెలిస్కోప్ ఇవ్వలేదు.

పాత లైట్ పొల్యూషన్ ఫిల్టర్లు ఇప్పుడు కొనకండి. అవి 589 నానోమీటర్ల దగ్గర వెలిగే పసుపు సోడియం దీపాలను ఆపడానికి చేసినవి. మన వీధుల్లోకి తెల్లటి ఎల్‌ఈడీలు వచ్చాక వాటి అవసరం తగ్గిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయంటే కారణం అదే.

అయితే డబుల్ బ్యాండ్ ఫిల్టర్ అన్నిటికీ పనికిరాదు. ఓరియన్ నెబ్యులాకు ఉత్తరాన అంటుకున్నట్టు ఉండే రన్నింగ్ మ్యాన్ నెబ్యులాలో ఎక్కువ భాగం రిఫ్లెక్షన్, అంటే దుమ్ము మీద చెదిరిన నీలి కాంతి. ఫిల్టర్ పెడితే ఆ నీలం దాదాపు మాయమవుతుంది. నక్షత్రాల సహజమైన రంగులూ పోతాయి. గెలాక్సీలకైతే ఈ ఫిల్టర్ దండగ. కాబట్టి ఎర్రటి నెబ్యులాలే మీ ఇష్టమైతే ఫిల్టర్ కొని మేడ మీదే ఉండండి. ఓరియన్ చుట్టూ ఉన్న దుమ్ము, నీలం అన్నీ కావాలంటే ఫిల్టర్ తీసేసి అమావాస్య దగ్గర చీకటి ప్రాంతానికి వెళ్లాల్సిందే. రాయలసీమ మెట్ట పల్లెలు, నల్లమల అంచున ఉన్న ఊళ్లు అందుకు బాగుంటాయి. అడవి లోపలికి మాత్రం రాత్రిపూట అనుమతి లేకుండా వెళ్లకండి. అంచున ఎవరి పొలంలోనైనా అడిగి పెట్టుకుంటే చాలు.

వెన్నెల రాత్రుల సంగతి కూడా ఒకమాట. ఫిల్టర్ ఉంటే వెన్నెల్లోనూ పని సాగుతుంది, కానీ ఎరుపు మాత్రమే బాగా వస్తుంది. చంద్రకాంతి ఆకాశంలో చెదిరేది నీలం వైపే ఎక్కువ కాబట్టి ఓ-త్రీ గీత దెబ్బతింటుంది. పౌర్ణమి దగ్గర హైడ్రోజన్, అమావాస్య దగ్గర ఆక్సిజన్ అని పంచుకోండి.

కెమెరా: మామూలుదా, మార్చినదా, మోనోనా?

మీ దగ్గరున్న మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సర్ ముందు ఒక గాజు పలక ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపి, మనుషుల చర్మం రంగు సహజంగా కనిపించేలా చేయడం దాని పని. ఆ పని చేస్తూ 656 నానోమీటర్ల దగ్గర కూడా చాలావరకు ఆపేస్తుంది. వచ్చిన హైడ్రోజన్ ఆల్ఫాలో నాలుగో వంతుకు అటూ ఇటూగా మాత్రమే సెన్సర్‌ను చేరుతుంది. నలభై నిమిషాలు తీసినా పది నిమిషాల వెలుగే చేతికొస్తుందన్నమాట.

ఆ పలకను తీసేసి వేరే పలక వేయించడాన్ని మాడిఫై చేయించడం అంటారు. కానన్ 60డీఏ, నికాన్ డీ810ఏ లాంటి మోడళ్లను కంపెనీలే ఇలా తయారుచేసి అమ్మాయి. ఇప్పుడు వాటిని పాతవాటిలోనే వెతుక్కోవాలి. పాత బాడీని మాడిఫై చేయిస్తే వారంటీ ఉండదు, పగటి ఫొటోల్లో అంతా ఎర్రగా వస్తుంది. పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ వాడే ఒకే ఒక్క కెమెరా అయితే దాన్ని ముట్టుకోకండి. ఇంట్లో మూలన పడ్డ పాత బాడీ ఉంటే, అనుభవం ఉన్నవాళ్ల చేతికే ఇచ్చి చేయించండి. రిపేరు షాపు కదా అని ఎవరికి పడితే వారికి ఇస్తే పలక మందం తేడా వచ్చి ఫోకస్ కుదరదు.

ఇక ఖగోళం కోసమే చేసిన కూలింగ్ కెమెరాలు. వీటి విషయంలో మన వాతావరణానికి సంబంధించిన ఒక కారణం ఉంది, చలిదేశాల వాళ్లు రాసిన సలహాల్లో అది అంతగా కనిపించదు. సెన్సర్‌లో వేడి వల్ల పుట్టే రొద (నాయిస్), ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాదాపు రెట్టింపవుతుంది. ఏప్రిల్ రాత్రి కర్నూలులో గాలే 28 డిగ్రీలుంటే, డీఎస్‌ఎల్‌ఆర్ లోపలి సెన్సర్ దానికంటే వేడిగా ఉంటుంది. అలాంటి ఫ్రేమ్‌ను వంద శాతం జూమ్ చేసి చూడండి: నల్లగా ఉండాల్సిన ఆకాశం నిండా ఎరుపు, నీలం, ఆకుపచ్చ చుక్కలు. నెబ్యులా అంచు ఎక్కడ ఆగిందో, రొద ఎక్కడ మొదలైందో తెలియదు. కూలింగ్ కెమెరా సెన్సర్‌ను గాలి కంటే 30 డిగ్రీలకు పైగా చల్లబరుస్తుంది. అందుకే వేసవిలో లగూన్ నెబ్యులా మీద పని చేయాలనుకునేవాళ్లు డబ్బు ఉంటే మంచి టెలిస్కోప్ కంటే ముందు కూలింగ్ కెమెరా తీసుకోండి. చలికాలం ఓరియన్, రోజెట్ నెబ్యులాలు మాత్రమే చాలనుకుంటే డీఎస్‌ఎల్‌ఆర్‌తో బాగానే నడుస్తుంది. డిసెంబరు, జనవరిలో సమస్య వేడి కాదు, మంచు. లెన్స్ చుట్టూ డ్యూ హీటర్ పట్టీ కట్టుకోకపోతే అర్ధరాత్రికల్లా గాజు మీద తేమ పట్టేస్తుంది.

ఇక మోనో, అంటే రంగుల్లేని నలుపు తెలుపు కెమెరా సంగతి. కలర్ సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో ఎరుపును చూసేది ఒక్కటే. హైడ్రోజన్ వెలుగు మిగతా మూడింటికి చేరినా అవి దాన్ని దాదాపు పట్టించుకోవు. మోనోలో అన్ని పిక్సెళ్లూ పని చేస్తాయి, వివరం బాగా వస్తుంది. కానీ ఫిల్టర్ చక్రం, విడివిడి ఫిల్టర్లు, ఒక్కో ఫిల్టర్‌కు ఒక్కో రాత్రి కావాలి. వారానికి ఒక రాత్రి దొరికే ఉద్యోగస్తులకు నేను మోనో చెప్పను. కలర్ కెమెరాకు డబుల్ బ్యాండ్ ఫిల్టర్ జోడిస్తే ఒకే రాత్రిలో రెండు గీతలూ వస్తాయి.

ఆకాశం వెంట తిప్పేది ఏది?

1880 సెప్టెంబరులో హెన్రీ డ్రేపర్ ఓరియన్ నెబ్యులాను మొదటిసారి ఫొటో తీశాడు. పదకొండు అంగుళాల టెలిస్కోప్, 51 నిమిషాల ఎక్స్‌పోజర్. అంతసేపు భూభ్రమణాన్ని సరిచేస్తూ టెలిస్కోప్‌ను తిప్పగలగడమే అందులో అసలు సాధన. ఇప్పటికీ నెబ్యులా ఫొటోకు వెన్నెముక అదే.

ట్రైపాడ్ మాత్రమే ఉంటే 50 ఎంఎం లెన్స్‌తో మూడు నాలుగు సెకన్లకు మించి తీయలేరు, చుక్కలు గీతలవుతాయి. అలాంటివి వందల కొద్దీ తీసి, ఉచితంగా దొరికే సిరిల్, డీప్‌స్కైస్టాకర్ ప్రోగ్రాముల్లో ఏదో ఒకదానిలో కలిపితే ఓరియన్ నెబ్యులా ఖచ్చితంగా వస్తుంది. ఏమీ కొనకముందు ఇది చేయండి. ఈ పనిలో మీకు ఆసక్తి ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే చవకైన దారి లేదు.

తర్వాతి మెట్టు దగ్గర దారి రెండుగా చీలుతుంది: డీఎస్‌ఎల్‌ఆర్ కింద పెట్టి దాన్ని ఆకాశంతో పాటు తిప్పే చిన్న స్టార్ ట్రాకర్, లేదా స్మార్ట్ టెలిస్కోప్.

ట్రాకర్ అక్షాన్ని ధ్రువ నక్షత్రం వైపు సరిగ్గా గురిపెట్టాలి. మన దగ్గర ఇక్కడే చిక్కు. ధ్రువ నక్షత్రం ఎత్తు మీ ఊరి అక్షాంశమంతే ఉంటుంది. హైదరాబాద్‌లో పదిహేడున్నర డిగ్రీలు, తిరుపతిలో పదమూడున్నర. పక్కింటి నీళ్ల ట్యాంకు, కొబ్బరిచెట్టు, దుమ్ము పొర, ఏదో ఒకటి అడ్డొస్తుంది. ట్రాకర్ కొనేముందు ఉత్తరం వైపు మీ మేడ మీద నుంచి ధ్రువ నక్షత్రం కనిపిస్తుందో లేదో చూసుకోండి. ట్రాకర్‌ను బిగించే మౌంట్ ఎన్ని డిగ్రీల దాకా కిందికి వంగుతుందో కూడా అడగండి. అది కనిపించే చోటు ఉంటే మాత్రం ట్రాకర్, 135 ఎంఎం లెన్స్ జోడీ అద్భుతంగా పనిచేస్తుంది. ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరా మీద అది అడ్డంగా పది డిగ్రీల ఆకాశాన్ని చూస్తుంది, ఒక్కో ఫ్రేమ్ ఒకటి రెండు నిమిషాలు తీయొచ్చు.

స్మార్ట్ టెలిస్కోప్‌కు ధ్రువ నక్షత్రంతో పని లేదు. సీస్టార్ ఎస్50 లాంటివి ఫోన్‌లో పేరు నొక్కితే తామే వెతుక్కుని, పది ఇరవై సెకన్ల ఫ్రేమ్‌లు తీసి, తామే కలుపుతాయి. 50 ఎంఎం వ్యాసమున్న లెన్స్, 250 ఎంఎం ఫోకల్ లెంగ్త్, లోపలే డబుల్ బ్యాండ్ ఫిల్టర్. ఎరుపు కోసం విడిగా ఏదీ మార్చక్కర్లేదు. నగరంలో ఉండి, పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్లకు నేను చెప్పేది ఇదే. లోటు ఏంటంటే చూపు ఇరుకు, ఫొటోలో పిక్సెళ్లు తక్కువ. రోజెట్ నెబ్యులా ఒక్క ఫ్రేమ్‌లో పట్టదు, మొజాయిక్ పెట్టుకోవాలి, అంటే ముక్కలుగా తీసి అతికించుకోవాలి.

ఇవి పైకీ కిందికీ, పక్కలకూ కదిలే రకం కాబట్టి ఫ్రేమ్ నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతుంటుంది. నెత్తి మీదికొచ్చినప్పుడు ఆ తిరుగుడు బాగా ఎక్కువ. నేరుగా తూర్పున గానీ పడమరన గానీ ఉన్నప్పుడు దాదాపు ఉండదు. మన అక్షాంశం నుంచి ఓరియన్, రోజెట్ దాదాపు తూర్పునే ఉదయించి, చాలా ఎత్తుకు వెళతాయి. రోజెట్ అయితే హైదరాబాద్‌లో 77 డిగ్రీల దాకా వెళుతుంది. కాబట్టి ఎత్తుకొచ్చేదాకా ఆగమనే సాధారణ సలహాను ఇక్కడ పాటించకండి. తూర్పున 35, 40 డిగ్రీలు లేచినప్పటి నుంచి 65 దాటేదాకా తీసుకుని, నడినెత్తిన ఉన్న గంట వదిలేయండి.

పూర్తిస్థాయి ఈక్వటోరియల్ మౌంట్ (భూమి అక్షానికి సమాంతరంగా తిరిగేది), ఆ తిరుగుడును సరిచేసే గైడింగ్ కెమెరా, రిఫ్రాక్టర్ (లెన్స్ టెలిస్కోప్) సెట్టు ఈ రెంటిలో ఏదో ఒకటి ఒక చలికాలమంతా వాడాకే ఆలోచించండి. అది బరువు, ఖర్చు, సమయం మూడూ అడుగుతుంది.

ఏ నెబ్యులాతో మొదలుపెట్టాలి?

ఓరియన్‌తోనే. ఎంత తేలికో అంత గొప్పది. ఒక్క జాగ్రత్త: రెండు నిమిషాల ఫ్రేమ్‌లో మధ్యభాగం తెల్లగా మాడిపోయి ట్రెపీజియం కనిపించదు. ఐదు పది సెకన్ల ఫ్రేమ్‌లు ఒక కట్ట విడిగా తీసి తర్వాత కలపండి. ఆ నాలుగు నక్షత్రాలు విడివిడిగా కనిపించే ఫొటోలోనే ఆ వెలుగు ఎక్కడి నుంచి పుడుతోందో తెలుస్తుంది.

రెండో ఏడాదికి రోజెట్. ఆరుద్ర నక్షత్రానికి తూర్పుగా, సుమారు 5,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. మసక నెబ్యులా, నగరం నుంచి నాలుగైదు గంటల వెలుగు పోగుచేయాలి. పెద్ద లెన్స్ లేనివాళ్లకు మృగశిర చుట్టూ ఉన్న ఎర్రటి వలయం ఉంది. మన మృగశిర, ఖగోళవేత్తల లాంబ్డా ఓరియానిస్, చుట్టూ నిండు చంద్రుడి వెడల్పుకు సుమారు పది రెట్ల నెబ్యులాను వెలిగిస్తోంది. దానికి 50 ఎంఎం లెన్సే సరైనది, టెలిస్కోప్‌లో పట్టదు. మృగశిర కార్తెలో సూర్యుడు ఆ దిక్కునే ఉంటాడు, అందుకే ఆర్నెల్ల తర్వాత డిసెంబరులో అది దాదాపు రాత్రంతా కనిపిస్తుంది. మామూలు కెమెరాకు మాత్రం ఇది అందదు, మాడిఫై చేసినది కావాలి.

వానలు వెళ్లాక అక్టోబరు, నవంబరు సాయంత్రాలు నార్త్ అమెరికా నెబ్యులాకు మంచివి. తెలంగాణ వాళ్లకు అప్పటికి ఆకాశం తేటపడుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల మబ్బులు ఇంకా ఉంటాయి. లగూన్ నెబ్యులా అర్ధరాత్రి తన గరిష్ఠ ఎత్తుకు వచ్చేది జూన్‌లో, అప్పటికి నైరుతి రుతుపవనాలు వచ్చేస్తాయి. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున లేవాలి. హైదరాబాద్‌లో అది 48 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్‌లో 14 డిగ్రీలే.

దక్షిణం వైపు అడ్డులేని చోటున్నవాళ్లు కరీనా నెబ్యులాను వదలొద్దు. ఓరియన్ కంటే చాలా పెద్దది. అగస్త్య నక్షత్రం కంటే కిందుగా వెళుతుంది. తిరుపతి ప్రాంతంలో 16 డిగ్రీల పైచిలుకు, హైదరాబాద్‌లో 13 లోపు. ఏప్రిల్ మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో వెతకండి. యూరప్ నుంచి కనిపించనే కనిపించదు.

రంగులు ఎలా వేయాలి?

టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూసినవాళ్లకు ఓరియన్ బూడిద రంగులో, కాస్త ఆకుపచ్చగా కనిపిస్తుంది. చీకట్లో మన కన్ను ఓ-త్రీ గీత చుట్టుపక్కలే బాగా చూస్తుంది, మసక ఎరుపు దానికి అందదు. అంటే ఫొటోలో ఎరుపు అబద్ధం కాదు, కంటికి అందని నిజం.

రెండు గీతలతో తీసినప్పుడు హైడ్రోజన్‌ను ఎరుపులోనూ, ఆక్సిజన్‌ను ఆకుపచ్చ, నీలాల్లోనూ వేస్తే దాదాపు సహజమైన రంగే వస్తుంది. సల్ఫర్ గీతను కూడా చేర్చి, సల్ఫర్‌కు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇస్తే అది హబుల్ పద్ధతి. 1995లో వచ్చిన ఈగిల్ నెబ్యులా స్తంభాల ఫొటో అలాంటిదే. హైడ్రోజన్, సల్ఫర్ రెండూ నిజానికి ఎరుపే, 656, 672 దగ్గర. విడదీయకపోతే రెండూ కలిసిపోతాయి.

నేను మొదటి పద్ధతినే ఇష్టపడతాను, ముఖ్యంగా రోజెట్‌కు. ఫ్రేమ్‌లన్నీ కలిపిన ఫైలును రంగులవారీగా విడదీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఎరుపు పొరలో వలయం మొత్తం, బయటి అంచుల దాకా కనిపిస్తుంది. నీలం పొరలో వెలుగు మధ్య బోలుకు దగ్గర్లోనే ఆగిపోతుంది. ఆక్సిజన్ నుంచి రెండో ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే 35 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, హైడ్రోజన్‌కు 13.6 చాలు. అంత బలమైన కిరణాలు మధ్యలోని వేడి నక్షత్రాల దగ్గర్లోనే ఖర్చయిపోతాయి. ఇదంతా మీ మేడ మీద తీసిన ఫైల్లోనే కనిపిస్తుంది.

హబుల్ పద్ధతికి మోనో కెమెరా గానీ, సల్ఫర్ కోసం రెండో డబుల్ బ్యాండ్ ఫిల్టర్ గానీ కావాలి. ఆ ఖర్చుకు ముందు రోజెట్ మీద ఇంకో రెండు రాత్రులు పెట్టండి. వెలుగు నాలుగు రెట్లు పోగైతే స్పష్టత రెట్టింపవుతుంది, దానికి పైసా ఖర్చు లేదు.